40 వేల లోపు లాప్‌టాప్: పాత థింక్‌ప్యాడ్ టీ480 ఎవరికి తగినది, ఎవరికి కాదు

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ పూర్తయి ఇంజినీరింగ్ సీట్లు ఖరారయ్యే రోజుల్లో తెలుగు ఇళ్లలో తప్పకుండా వినబడే ప్రశ్న, పిల్లలకు ఏ లాప్‌టాప్ కొనాలన్నది. ఆ ప్రశ్నకు దుకాణంలో దొరికే జవాబు సాధారణంగా ప్రాసెసర్ పేరుతో మొదలై నెలవారీ వాయిదాల దగ్గర ముగుస్తుంది. లక్ష రూపాయలు పెట్టగలిగిన వారికి ఈ జవాబు వల్ల పెద్ద నష్టం లేదు, ఎందుకంటే ఆ ధరలో ఏది కొన్నా నాలుగేళ్ల చదువు గడిచిపోతుంది. చిక్కంతా 40 వేల లోపు కొనేవారికే. ఆ ధరలో తయారీదారు ఎక్కడో ఒకచోట కోత పెట్టక తప్పదు. ఆ కోత తరువాత సరిదిద్దుకోగల చోట పడిందా, ఎన్నటికీ సరిదిద్దలేని చోట పడిందా అన్నదే కొనేవారు ముందుగా చూడవలసిన విషయమని నా అభిప్రాయం. ఈ కొలతతో చూసినప్పుడు, దుకాణం అద్దాల వెనుక మెరిసే చాలా కొత్త యంత్రాల కంటే 2018 నాటి ఒక పాత యంత్రం మెరుగ్గా నిలుస్తుంది. అది లెనోవో థింక్‌ప్యాడ్ టీ480.

థింక్‌ప్యాడ్ పేరుతో మొదటి లాప్‌టాప్‌ను 1992లో ఐబీఎం సంస్థ విడుదల చేసింది. 2005లో ఐబీఎం వ్యక్తిగత కంప్యూటర్ల వ్యాపారాన్ని లెనోవో కొనుగోలు చేయడంతో ఆ పేరు కూడా దానితో వెళ్లింది. ఇందులో టీ శ్రేణి మొదటినుంచీ కార్యాలయాల కోసం ఉద్దేశించినది. కంపెనీలు ఈ యంత్రాలను వందల సంఖ్యలో తీసుకుని, మూడు నాలుగేళ్లు వాడి, గడువు తీరగానే టోకున అమ్మేస్తాయి. అలా బయటకు వచ్చినవే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ అనే కంప్యూటర్ల బజారుకు, బెంగళూరు ఎస్పీ రోడ్డుకు, ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌కు చేరి, తుడిచి సరిచేసిన తరువాత రిఫర్బిష్డ్ పేరుతో అమ్ముడవుతాయి. ర్యామ్, నిల్వ, పైకి కనిపించే గీతలను బట్టి ధర మారుతుంది గాని, టీ480 సాధారణంగా 20 వేల రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. నా తెలుగు రాతపని, ప్రూఫులు దిద్దడం ఈ యంత్రం మీదనే సాగుతున్నాయి కనుక ఇక్కడ చెప్పే మంచిచెడ్డల్లో చాలావరకు రోజువారీ వాడకంలో చూసినవే.

పాత థింక్‌ప్యాడ్‌లు చాలా ఉండగా ప్రత్యేకంగా టీ480నే ఎంచుకోవడానికి కారణం దాని ప్రాసెసర్ తరం. దీనికి ముందు వచ్చిన టీ470లో ఇంటెల్ ఆరవ, ఏడవ తరాల ప్రాసెసర్లు ఉండేవి. ఆ తరాలలో లాప్‌టాప్‌లకు వాడిన తక్కువ విద్యుత్తు ఐ5 ప్రాసెసర్‌కు రెండే కోర్లు, అంటే లెక్కలు చేసే భాగాలు రెండే. ఎనిమిదవ తరానికి వచ్చేసరికి అదే 15 వాట్ల పరిమితిలో ఇంటెల్ నాలుగు కోర్లను అమర్చింది. టీ480లో తరచుగా కనిపించే ఐ5-8250యూ, ఐ5-8350యూ రెండింటికీ నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనుల వరుసలు) ఉన్నాయి. రెండవ కారణం విండోస్ 11. ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఇంటెల్ ఎనిమిదవ తరం నుంచి మాత్రమే మైక్రోసాఫ్ట్ దానిని అధికారికంగా అనుమతించింది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అంటే టీ470కీ టీ480కీ మధ్య పేరులోని సంఖ్యలో పది తేడాయే ఉన్నా, ఒకటి విండోస్ 11 గీతకు అటువైపు, మరొకటి ఇటువైపు ఉన్నాయి. దుకాణదారు ‘రెండూ ఒకటే సార్, ఇది రెండు వేలు తక్కువ’ అంటూ టీ470ని చేతిలో పెట్టినప్పుడు ఈ గీతను గుర్తుంచుకోవాలి.

ఇక అసలు విషయమైన ర్యామ్‌కు వద్దాం. తెరిచిన పనులను యంత్రం తాత్కాలికంగా పెట్టుకునే చోటు ఇదే. టీ480లో డీడీఆర్4 రకం ర్యామ్ కోసం రెండు స్లాట్లు (బిళ్లలు గుచ్చే గాడులు) ఉన్నాయి. అధికారికంగా 32 జీబీ వరకు వేసుకోవచ్చు. మొదటి సంవత్సరంలో సీ భాష, పైథాన్ నేర్చుకునే విద్యార్థికి 8 జీబీ సరిపోతుంది. మూడవ సంవత్సరంలో ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోతో పాటు ఎమ్యులేటర్‌ను (తెర మీద నడిచే నమూనా ఫోన్‌ను), దాని పక్కనే బ్రౌజర్‌లో పాతిక ట్యాబులను తెరిచినప్పుడు అదే 8 జీబీ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. అప్పుడు అడుగు మూతను విప్పి మరో ర్యామ్ బిళ్లను అమర్చుకుంటే సరిపోతుంది. ఈ ధరలో దొరికే కొత్త సన్నని లాప్‌టాప్‌లు చాలావాటిలో ఈ వీలు లేదు. ఉదాహరణకు ఏఎమ్‌డీ రైజెన్ 3 7320యూ, రైజెన్ 5 7520యూ ప్రాసెసర్లు ఎల్‌పీడీడీఆర్5 రకం ర్యామ్‌తోనే పనిచేస్తాయి, ఆ ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేస్తారు, అంటే విప్పి మార్చలేకుండా అతికిస్తారు. కొన్ననాడు 8 జీబీ ఉంటే ఆ యంత్రం ఉన్నన్నాళ్లూ 8 జీబీయే.

ఆ రెండు ప్రాసెసర్ల పేర్ల గురించి ఒక మాట చెప్పక తప్పదు, ఎందుకంటే అంకెలను చూసి మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. 7తో మొదలయ్యే పేరు చూసి ఇది సరికొత్త నిర్మాణమని అనుకోవడం సహజం. ఏఎమ్‌డీ పెట్టుకున్న పద్ధతిలో మొదటి అంకె యంత్రం మార్కెట్లోకి వచ్చే సంవత్సరాన్ని సూచిస్తుంది. లోపలి కోర్ ఏ తరానిదో చెప్పేది మూడవ అంకె. 7320లోనూ 7520లోనూ ఆ మూడవ అంకె 2, అంటే లోపల ఉన్నది 2019లో తొలిసారి వచ్చిన జెన్ 2 నిర్మాణం. ఇవి చెడ్డవని నేను అనడం లేదు. తక్కువ విద్యుత్తుతో చల్లగా నడుస్తాయి, వాటి బ్యాటరీ కూడా కొత్తది. కాని ‘2023 మోడల్’ అన్న చీటీని చూసి ఐదు వేలు అదనంగా ఇచ్చేముందు ఆ మూడవ అంకెను చదవడం మంచిది.

నిజాయితీగా చెప్పాలంటే, కొత్తవాటిలో ఇంటెల్ ఐ3-1215యూ ఉన్న లాప్‌టాప్ వేగంలో టీ480ని సులభంగా దాటుతుంది. రెండు పెద్ద కోర్లు, నాలుగు చిన్న కోర్లు ఉన్న ఆ ప్రాసెసర్ ఒక్కో కోర్ సామర్థ్యంలో ఎనిమిదవ తరం కంటే చాలా ముందుంది. దానికి తోడు కనీసం ఒక ర్యామ్ స్లాట్, మంచి తెర, తయారీదారు వారంటీ ఉన్న యంత్రం మీ బడ్జెట్‌లో దొరికితే, పాత థింక్‌ప్యాడ్ వైపు రావలసిన అవసరం లేదు. స్లాట్ ఉన్నదీ లేనిదీ పెట్టె మీద రాసి ఉండదు. అమ్మే మనిషికి తెలియకపోవచ్చు. తయారీదారు వెబ్‌సైటులోని పూర్తి వివరాల పత్రంలో మెమరీ వరుసను చదివితే ‘సోల్డర్డ్’, ‘సోడిమ్ స్లాట్’ (ర్యామ్ బిళ్ల మార్చుకోగల గాడి) అన్న మాటల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది.

బ్యాటరీ విషయంలో టీ480 ఏర్పాటు విలక్షణమైనది. లోపల 24 వాట్‌అవర్ల (బ్యాటరీలో నిలిచే విద్యుత్తు కొలత) బ్యాటరీ ఒకటి స్థిరంగా ఉంటుంది. వెనుకవైపు మీటలు జరిపి తీయగలిగే మరో బ్యాటరీ ఉంటుంది. ఈ రెండవది 24, 48, 72 వాట్‌అవర్ల పరిమాణాల్లో వచ్చింది. యంత్రం నడుస్తుండగానే వెనుక బ్యాటరీని తీసి మరొకటి పెట్టుకోవచ్చు, ఆ కొద్దిసేపు లోపలిది యంత్రాన్ని నిలబెడుతుంది. వేసవిలో కరెంటు కోతలు తప్పని ఊళ్లలో చదువుకునే వారికి ఇది చిన్న సౌకర్యమేమీ కాదు. పాత యంత్రం కాబట్టి రెండు బ్యాటరీలూ కొంత అరిగిపోయే ఉంటాయి; వెనుక బ్యాటరీని కొత్తదానితో మార్చడానికి మెకానిక్ కూడా అవసరం లేదు. అయితే 72 వాట్‌అవర్లది అడుగుభాగం నుంచి కిందికి పొడుచుకు వచ్చి యంత్రాన్ని బరువెక్కిస్తుంది. రోజూ బస్సులో వెళ్లివచ్చేవారికి ఇది భుజం మీద తెలుస్తుంది. ఛార్జింగు యూఎస్‌బీ-సీ ద్వారా జరుగుతుంది కనుక తగిన సామర్థ్యమున్న ఏ మంచి ఛార్జర్‌తోనైనా పని గడుస్తుంది.

కీబోర్డు గురించి రాసేటప్పుడు నాకు పక్షపాతం ఉందని ముందే చెప్పాలి. రోజంతా తెలుగు టైపు చేసేవారికి లాప్‌టాప్‌లో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. టీ480 మీటలకు తగినంత లోతు ఉంది, నొక్కినప్పుడు మీట తిరిగి లేచే తీరు వేలికి స్పష్టంగా తెలుస్తుంది, కాస్త నీరు ఒలికినా తట్టుకునేలా దీనిని రూపొందించారు. మీటలు అరిగిపోతే కీబోర్డును విడిగా మార్పించుకోవచ్చు. ఎడమ మూలన కంట్రోల్ మీట ఉండవలసిన చోట ఎఫ్ఎన్ మీట ఉండటం మొదట్లో చిరాకు తెప్పిస్తుంది. బయోస్‌లోకి, అంటే విండోస్‌కు ముందే వచ్చే అమరికల తెరలోకి వెళ్లి ఆ రెండింటి పనులను తారుమారు చేసే వీలుంది. ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక తెలుగు మీటల అమరిక అలవాటున్న వారికి ఏ కీబోర్డయినా ఒకటే. అలవాటు లేనివారికి విండోస్‌లో 2019 నుంచి ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు టైపు చేసే ఫొనెటిక్ కీబోర్డు ఎలాగూ ఉంది. విండోస్‌కు బదులు లినక్స్ అనే ఉచిత వ్యవస్థను వాడదలచిన వారికి ఈ యంత్రం బాగా నప్పుతుంది. ఉబుంటు, ఫెడోరా వంటి లినక్స్ రకాలు వేరే డ్రైవర్ల కోసం వెతుకులాట లేకుండానే నడుస్తాయి. కాని అను ఫాంట్లతో పుటలు కూర్చే డీటీపీ పనివారు విండోస్‌లోనే ఉండటం మేలు.

మీటల మధ్యలో ఉండి, తెర మీది కర్సర్‌ను జరిపే ఎర్రటి బొడిపె మీద కొందరికి అమితమైన ప్రేమ ఉంటుంది. నాకు లేదు. టచ్‌ప్యాడ్ చాలు.

ఇన్ని మంచి గుణాలున్న యంత్రానికి పెద్ద లోపం తెర. టీ480ను మూడు రకాల తెరలతో అమ్మారు: 1366 అడ్డం 768 నిలువు చుక్కలున్న మామూలు హెచ్‌డీ తెర, 1920 అడ్డం 1080 నిలువు చుక్కలున్న ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగులు మారని రకం) తెర, అరుదుగా కనిపించే 2560 అడ్డం 1440 నిలువు చుక్కల తెర. కంపెనీలు పొదుపు కోసం మొదటి రకాన్ని కూడా గణనీయంగా కొన్నాయి, అవే ఇప్పుడు అంగళ్లలో చవకగా కనిపిస్తాయి. ఆ తెర మీద తెలుగు చదవడం శిక్ష. ఒత్తులు, గుణింతాల మధ్య తేడాలు చిన్న అక్షరాల్లో కలిసిపోయి, ప్రూఫు దిద్దేవారి కన్ను గంటలోపే అలసిపోతుంది. పక్కనుంచి చూస్తే రంగులు తిరగబడినట్టు కనిపించినా, డిస్‌ప్లే సెట్టింగుల్లో 1366 అంకె ఉన్నా, ఎంత తక్కువ ధర చెప్పినా వదిలేయండి. ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ తెర కూడా గొప్పదేమీ కాదు. దాని వెలుగు 250 నిట్లే (నిట్ అంటే తెర వెలుగు కొలత), రంగుల విస్తృతి తక్కువ. గదిలో చదువుకోవడానికి, కోడు రాయడానికి ఇబ్బంది ఉండదు గాని, పెళ్లి ఫొటోలకు రంగులు దిద్దేవారు, వీడియో ఎడిటింగ్‌ను వృత్తిగా చేసుకోదలచిన వారు దీనిని నమ్ముకోకూడదు. చాలామంది మరిచే సంగతి ఏమిటంటే, ఈ ధరలో వచ్చే కొత్త లాప్‌టాప్‌ల తెరలు కూడా చాలావరకు ఇదే కోవకు చెందినవి.

మిగిలిన లోపాలను త్వరగా చెప్పేస్తాను. కెమెరా 720పీ, ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో ముఖం మసకగానే కనిపిస్తుంది. స్పీకర్ల ధ్వని పలుచన. ఇంటెల్ యూహెచ్‌డీ 620 గ్రాఫిక్స్ ఏవీ1 అనే పద్ధతిలో కుదించిన వీడియోను తానే విప్పజాలదు కనుక, ఎక్కువ స్పష్టత ఉన్న అలాంటి వీడియోలకు భారమంతా ప్రాసెసర్ మీద పడి ఫ్యాన్ మోగుతుంది. ఈ యంత్రాన్ని ప్రకటించిన 2018 జనవరిలోనే మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ భద్రతా లోపాలు బయటపడ్డాయి; వాటికి వేసిన సాఫ్ట్‌వేర్ అతుకుల వల్ల ఈ తరం ప్రాసెసర్ల వేగం కొంత తగ్గింది. ఏళ్ల తరబడి వాడిన యంత్రంలో ప్రాసెసర్ వేడిని బయటకు పంపే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండే అవకాశం ఎక్కువ. కొత్తది పూయించి, ఫ్యాన్ దుమ్ము తీయిస్తే వేడి తగ్గుతుంది.

ఒక సమస్యను మాత్రం విడిగా చెప్పాలి. ఈ తరం థింక్‌ప్యాడ్‌లు కొన్నింటిలో థండర్‌బోల్ట్ (వేగవంతమైన యూఎస్‌బీ-సీ పోర్టు రకం) ఫర్మ్‌వేర్ లోపం వల్ల, అంటే దాని చిప్‌లోని సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కాలక్రమంలో యూఎస్‌బీ-సీ పోర్టు సరిగా పనిచేయకపోవడం జరిగింది. లెనోవో దీనికి అప్‌డేట్ విడుదల చేసింది. కొన్న రోజే ఆ అప్‌డేట్ పడిందో లేదో చూసుకుని, పడకపోతే వేసుకోవాలి. కొనేముందు రెండు సీ పోర్టుల్లోనూ ఛార్జర్ పెట్టి చూడండి, మానిటర్ కేబుల్‌ను కూడా కలిపి చూడండి. ఒకదానిలో ఛార్జింగు రాకపోతే ‘అది అంతే సార్’ అన్న మాటను అంగీకరించవద్దు.

పరీక్ష విషయానికి వస్తే, అంగడిలో అరగంటైనా కూర్చోవడానికి సిద్ధపడి వెళ్లాలి. మొదట యంత్రాన్ని ఆన్ చేస్తూ ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. అక్కడ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగిందంటే పాత కంపెనీ తాళం ఇంకా తొలగలేదని అర్థం. ఆ తాళాన్ని మామూలు పద్ధతిలో తీయలేరు, అలాంటి యంత్రం వద్దు. ఆ తరువాత విండోస్‌ను కొత్తగా వేయించి, ఇంటర్నెట్‌కు కలిపి, మొదటి అమరిక తెరలను మీ ఎదుటే పూర్తి చేయించండి. యంత్రం ఇంకా పాత సంస్థ ఆటోపైలట్ (కంపెనీ యంత్రాలను మైక్రోసాఫ్ట్ దగ్గర నమోదు చేసే ఏర్పాటు) జాబితాలో ఉంటే, ఈ దశలో ఆ సంస్థ పేరుతో స్వాగతం పలికి ఉద్యోగి ఖాతా అడుగుతుంది. అంగట్లో ఇంటర్నెట్ లేకుండా అమరిక ముగించి ఇస్తే ఈ సంగతి అప్పుడు బయటపడదు. ఆరు నెలల తరువాత మళ్లీ విండోస్ వేసినప్పుడు బయటపడుతుంది. అప్పటికి అంగడివాడి మూడు నెలల వారంటీ తీరిపోయి ఉంటుంది.

ఇవి గట్టెక్కితే మిగిలినవి సులువు. లెనోవో వాంటేజ్ అనే ప్రోగ్రాములో రెండు బ్యాటరీల అసలు సామర్థ్యం, ప్రస్తుత సామర్థ్యం, ఎన్నిసార్లు ఛార్జ్ అయిందన్న లెక్క కనిపిస్తాయి. లోపలి బ్యాటరీ సగానికి పడిపోయి ఉంటే ధరలో ఆ మేరకు బేరమాడవచ్చు. అడుగున ఉన్న సీరియల్ నంబరును లెనోవో సహాయ పేజీలో ఇస్తే ఆ యంత్రం ఫ్యాక్టరీ నుంచి ఏ ప్రాసెసర్‌తో, ఏ తెరతో వచ్చిందో తెలుస్తుంది. తెరను పూర్తిగా తెల్లగా మార్చి మచ్చలు, చచ్చిన చుక్కలు చూడండి. ప్రతి మీటనూ ఒక్కసారైనా నొక్కండి. ఫైళ్లు నిల్వ ఉండే ఎస్‌ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచిందో చూపే ఉచిత సాధనాలు ఉన్నాయి. అయినా నా సలహా దానిని పక్కన పెట్టి కొత్తది వేయించుకోవడం. ఇక్కడ మీకు ఖరీదైన ఎస్‌ఎస్‌డీ అవసరం లేదు, ఎందుకంటే టీ480లో ఎన్‌వీఎమ్‌ఈ డ్రైవుకు (వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ రకానికి) రెండు పీసీఐఈ లేన్లే, అంటే డేటా సాగే దారులు రెండే అందుతాయి. అత్యంత వేగవంతమైన డ్రైవు తెచ్చిపెట్టినా సగానికి పైగా వేగం వృథా. ఛార్జర్ అసలైనదే ఇవ్వమని గట్టిగా అడగండి. బిల్లు మీద సీరియల్ నంబరు, వారంటీ గడువు, వారంటీ వర్తించే భాగాల పేర్లు రాయించుకోండి. ‘ఏ గ్రేడ్’, ‘బీ గ్రేడ్’ అన్న మాటలకు ప్రామాణిక అర్థమేమీ లేదు, ఒక్కో అంగడికి ఒక్కో కొలత.

ఈ యంత్రం ఎవరికి పనికిరాదో కూడా తేల్చి చెప్పాలి. ఆర్కిటెక్చర్ చదువుతూ భవనాల నమూనాలు గీసే రెవిట్ వాడవలసిన వారికి, మెకానికల్ శాఖలో యంత్రభాగాల నమూనాలు గీసే సాలిడ్‌వర్క్స్‌లో పెద్ద అసెంబ్లీలు తెరవవలసిన వారికి, ఆటలు ఆడదలచిన వారికి ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డున్న లాప్‌టాప్ కావాలి. కొన్ని టీ480లలో ఉండే 2 జీబీ ఎమ్‌ఎక్స్150 కార్డు ఆ లోటు తీర్చదు. మెషిన్ లెర్నింగ్ నేర్చుకునేవారి సంగతి వేరు. పెద్ద శిక్షణలు ఎలాగూ కొలాబ్ వంటి ఇంటర్నెట్ సేవల మీదనే జరుగుతాయి కనుక, చేతిలోని యంత్రం ఏదైనా పెద్ద తేడా రాదు. ఏఐ పీసీ అన్న బిరుదు కోసం డబ్బు పెట్టాలా అని అడిగేవారు ఒకటి గమనించాలి: మైక్రోసాఫ్ట్ ఇచ్చే కోపైలట్ ప్లస్ ముద్ర పొందాలంటే సెకనుకు 40 లక్షల కోట్ల గణనలు చేయగల ప్రత్యేక ఎన్‌పీయూ (ఏఐ పనులు చేసే చిప్ భాగం), 16 జీబీ ర్యామ్ ఉండాలి, మనం మాట్లాడుకుంటున్న ధరలో ఆ స్థాయి యంత్రాలు సాధారణంగా దొరకవు.

మంచి టీ480 దొరకకపోతే అదే కాలానికి చెందిన డెల్ లాటిట్యూడ్ 5490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5 కూడా పరిశీలించదగ్గవే. రెండింటికీ ఎనిమిదవ తరం ప్రాసెసర్లు, రెండేసి ర్యామ్ స్లాట్లు ఉన్నాయి, వెనుక తీసే బ్యాటరీ మాత్రం లేదు. పేరు దగ్గరగా ఉన్న టీ480ఎస్ సన్ననిది, తేలికైనది; కొంత ర్యామ్ బోర్డుకు సోల్డర్ చేసి, ఒక్క స్లాటే ఇచ్చారు. 2019 నాటి టీ490 కూడా అదే దారి పట్టింది, తీయగలిగే బ్యాటరీని కూడా వదిలేసింది. కొంచెం ఎక్కువ పెట్టగలిగితే టీ14 మొదటి తరంలో రైజెన్ 5 ప్రో 4650యూ ఉన్నది మంచి ఎంపిక. ఆరు కోర్లు, ఒక స్లాట్ ఉంటాయి, అయితే సోల్డర్ చేసిన ర్యామ్ 16 జీబీ ఉన్నదాన్నే వెతకాలి. లెనోవో 2024లో తెచ్చిన టీ14 ఐదవ తరంలో రెండు ర్యామ్ స్లాట్లు మళ్లీ ప్రత్యక్షమయ్యాయి. అంటే ఇన్నేళ్లూ స్లాట్లు ఇవ్వకపోవడానికి సన్నదనం పూర్తి కారణం కాదన్నమాట.

టీ480నే తీసుకోవాలని నిశ్చయించుకున్నవారికి నేను చెప్పే అమరిక ఇది: ఐ5-8250యూ లేదా 8350యూ, ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ తెర, రెండు 8 జీబీ బిళ్లలుగా 16 జీబీ ర్యామ్, కొత్త 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, వెనుక 48 వాట్‌అవర్ల బ్యాటరీ. ఒకే 16 జీబీ బిళ్ల కంటే రెండు 8 జీబీ బిళ్లలు మేలు, ఎందుకంటే ర్యామ్‌ను పంచుకుని నడిచే గ్రాఫిక్స్‌కు రెండు దారులు దొరుకుతాయి. అన్నీ కలిపి బడ్జెట్ దాటితే ఎస్‌ఎస్‌డీని 256 జీబీకి తగ్గించండి, బ్యాటరీని వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. తెర విషయంలో మాత్రం తగ్గవద్దు.